పిల్లల ఒడిలో పడిన కొసరు

మా అశోక్‌నగర్ వీధిని తెల్లవారి నిద్ర లేపేది ఆకుకూరల మల్లమ్మ కేక. చిక్కడపల్లి మార్కెట్టులో తన చోట గంప దించుకొనక ముందే ఆమె మా వీధికి ఒక చుట్టు వచ్చి పోతుంది. గడిచిన బుధవారం ఆ కేక వినిపించలేదు. నేను వాకిట కుర్చీ వేసుకొని నా దినచర్య పుస్తకంలో ముందురోజు పుట పూర్తి చేస్తున్నాను. తలెత్తి చూస్తే మల్లమ్మ మా గేటు దగ్గర నిలబడి ఉన్నది. గంప నెత్తిమీదనే ఉన్నది.

"ఏమమ్మా, ఇవాళ పిలవకుండానే వచ్చావు?" అన్నాను.

"పంతులమ్మ పోయింది సారూ" అన్నది. "రాత్రి నిద్రలనే పోయిందట. పొద్దుగాల తలుపు కొడ్తె తియ్యలె."

ఇన్నేళ్ళుగా ఏ రోజునూ ఖాళీగా విడువని నా దినచర్యలో ఆ బుధవారం పుట నేటికీ తెల్లగానే ఉన్నది. కలం పట్టుకొని కూర్చున్నాను గాని ఒక్క అక్షరం సాగలేదు. ముందురోజు సాయంత్రమే పంతులమ్మ గారు బడి వాకిట నన్ను ఆపి, రేపటికి బచ్చలికూర చెప్పినానని, వంటామె దానిని మరీ మెత్తగా ఉడికించకుండా ఒక మాట చెప్పమని పురమాయించారు. అంతటి మనిషికి, అంతటి మామూలు సాయంత్రం తర్వాత, మరునాటి ఉదయం లేకుండా పోవడం నా బుద్ధికి అందలేదు. ఈ వ్యాసాన్ని ఆ ఖాళీ పుటకు బదులుగా రాస్తున్నాను.

యశోదాబాయి గారు చిక్కడపల్లిలో ఆడపిల్లల ప్రాథమిక పాఠశాలకు పెద్ద పంతులమ్మ. తరతరాలుగా ఈ నగరంలోనే ఉన్న కుటుంబం వారిది. రాంనగర్‌లో అన్నగారి ఇల్లు ఉన్నా, ఆమె బడి వెనుక గోడకు ఆనుకొని ఉన్న రెండు గదులలో కిరాయికి ఉండేవారు. "బడి ఇల్లాయె, ఇల్లు బడాయె, చెప్పులు అరగవు" అని నవ్వేవారు. ఈ పేటలలో ఆమె దగ్గర ఓనమాలు దిద్దని ఇల్లు అరుదు. అయితే ఆమెను కేవలం అక్షరదాత్రిగా స్మరించడం అన్యాయమవుతుంది. ఆమె జీవితంలోని చివరి సంవత్సరాలు పూర్తిగా ఒకే ఒక సంకల్పానికి అంకితమైనాయి. బడికి వచ్చిన ప్రతి పిల్ల మధ్యాహ్నం కడుపు నిండా, అందులోనూ ఒంటికి పట్టే తిండి, అందులోనూ ఆకుకూర, తినాలన్నది ఆ సంకల్పం. చూడడానికి చిన్న కోరిక. దానికోసం ఆమె ఎందరితో తగవు పడవలసి వచ్చిందో కొంత నాకు తెలుసు.

ఆ తగవు ఎక్కడ మొదలైందో చెబుతాను. ఒక ఏడాది దసరా ముందు, బడిలో పాటలు నేర్పుతూ పిల్లలను పొద్దుగూకే దాకా ఉంచారు. దీపాలు పెట్టే వేళకు అంజమ్మ అనే రెండో తరగతి పిల్ల గడప తన్నుకొని పడింది. లేచి మళ్ళీ ద్వారబంధానికి కొట్టుకొన్నది. తోటి పిల్లలు "గుడ్డిది, గుడ్డిది" అని చప్పట్లు చరిచారు. యశోదాబాయి గారు వారిని గద్దించబోయి ఆగిపోయారట. ఎందుకంటే ఆ నవ్వే పిల్లలలో కూడా కొందరు ముందు నడిచే పిల్ల లంగా అంచు పట్టుకొని నడుస్తున్నారు. అది ఆట అనుకొన్నాను ఇన్నాళ్ళూ, అని ఆమె తర్వాత నాతో అన్నారు. నారాయణగూడలో ఒక డాక్టరు గారి దగ్గరకు ఆ పిల్లలను తీసుకొనిపోతే, అది రేచీకటి అనీ, మందుకంటె ముందు ఆకుకూర కావాలనీ ఆయన చెప్పారు.

అప్పటికి బడిలో మధ్యాహ్నం భోజనం లేకపోలేదు. విదేశాలనుంచి దానంగా వచ్చే పసుపుపచ్చ మొక్కజొన్న రవ్వతో ఉప్మా వండేవారు. కూరగాయలకు సర్కారు ఇచ్చే సొమ్ము ఒక గుత్తేదారు చేతికి పోయేది. అందరికంటె తక్కువ రేటు రాసినవాడికి ఏడాది పొడుగునా సరఫరా హక్కు. అతడు వారానికి ఒకసారి బండి తోలేవాడు. వారం రోజులు నిలవ ఉండగలిగినవే అందులో వచ్చేవి, గుమ్మడికాయలు, ముదిరిన దోసకాయలు. ఆకుకూర ఒక పూట దాటితే వాడిపోతుంది కనుక ఆ బండిలో దానికి చోటు లేదు. బడినుంచి నాలుగు అడుగులు వేస్తే చిక్కడపల్లి మార్కెట్టు. అంబర్‌పేట తోటలనుంచి తెల్లవారుజామున వచ్చిన తోటకూర, చుక్కకూర, పాలకూర అక్కడ కుప్పలు పోసి ఉంటాయి. బడి పిల్లలు వాటి పక్కనుంచే నడిచి వచ్చి గుమ్మడికాయ తినేవారు.

యశోదాబాయి గారు మా ఇంటికి మొదటిసారి వచ్చింది ఈ సందర్భంలోనే. నేను లెక్కల కచేరీలో పని చేస్తానని ఆమెకు మల్లమ్మ చెప్పిందట. ఎలా చెప్పిందో కూడా తర్వాత తెలిసింది: "గా సారు కొత్తిమీర కట్ట కొన్నా తేదీ ఏస్కుంటడు పంతులమ్మా, గాయనను పట్టు." ఆమె వచ్చి కూర్చోలేదు. మా వంటిల్లు దాకా నడిచి, అన్నం గిన్నెమీది మూత తీసి చూసి, "గింత తెల్లగున్నదేందమ్మా, అన్నమా మల్లెపూలా? తవుడంత మిల్లుల్నే పోయింది గద" అన్నారు. మేము కృష్ణాతీరంనుంచి వచ్చినవాళ్ళం. మిల్లులో బాగా పట్టిన బియ్యం వండుకోవడం మర్యాదగా భావించేవాళ్ళం. ఆమె వెళ్ళిన తర్వాత మా ఇంటావిడ, "ఆవిడెవరండీ, పరిచయం లేకుండా వచ్చి మన గిన్నెల మూతలు తీస్తారు?" అన్నది. ఆ తర్వాత పక్షంలోగానే దంపుడు బియ్యం ఎక్కడ దొరుకుతాయని అడిగింది కూడా ఆవిడే.

ఆమె నన్ను అడిగింది ఒక్కటే. "సారూ, కానూన్ల ఏడనో ఒక సందు ఉంటది. జర ఎతికి వెట్టు." అలా వెతికి చూడగా, నిలవ ఉండని సరుకును రోజువారీ బజారు ధరకు స్థానికంగా కొనవచ్చుననీ, ఆ ధర సరియైనదని పాఠశాల పెద్ద ధ్రువీకరించాలనీ ఒక నియమం కనిపించింది. ఎవరూ దానిని వాడినట్టు లేదు. ఎందుకు వాడలేదో గ్రహించడం కష్టం కాదు. అలా ధ్రువీకరించాలంటే రోజూ తెల్లవారి ఎవరో ఒకరు మార్కెట్టుకు పోయి నిలబడాలి. ఆమె పోయారు. ఎండలో, వానలో, జ్వరంలో, నల్ల గొడుగు చంకన పెట్టుకొని పోయారు. పై అధికారులను ఒప్పించడానికి ఎన్ని కచేరీల మెట్లు ఎక్కారో వారికే తెలుసు. ఒకచోట ఒక పెద్దమనిషి, "అమ్మా, గుత్తేదారు ఉంటే మీకు శ్రమ ఉండదు కదా" అన్నారట. "అయ్యా, శ్రమ నాది, కండ్లు పిల్లలవి. దేంట్ల మీకు నష్టం?" అన్నారట ఈమె. చివరకు ఒక ఏడాదికి తాత్కాలికంగా అనుమతి ఇచ్చారు. ఏటా తిరగరాయించుకోవాలి. ఆ తాత్కాలికమే నేటిదాకా సాగింది.

అంజమ్మ సంగతి ఇక్కడే చెప్పాలి. దీపాలు పెట్టే వేళ యశోదాబాయి గారు ఆ పిల్లను తన ఇంటి వాకిట నిలబెట్టి, నేలమీద ఒక చింతగింజ వేసి వెతకమనేవారు. పిల్ల చేతులతో నేల తడుముకొనేది. ఆమె గింజ తానే తీసి కొంగున ముడి వేసుకొనేవారు. పప్పులో తోటకూర, మునగాకు, పాలకూర తిరగలి రాయిలా ఒకదాని తర్వాత ఒకటి తిరుగుతూ వచ్చాయి. సంక్రాంతి వెళ్ళి చలి తగ్గిన తర్వాత ఒక సాయంత్రం, వేసిన గింజను అంజమ్మ వంగి ఒక్కసారిలో తీసింది. "ఇగో" అని చేతిలో పెట్టింది. యశోదాబాయి గారు, "మంచిది, పో, ఇంటికి పో" అని మాత్రం అన్నారు. పిల్ల వీధి మలుపు తిరిగిన తర్వాత గోడకు ఆనుకొని చాలాసేపు నిలబడ్డారని పక్కింటివారు చెప్పగా విన్నాను. మెచ్చుకోలు మాట ఆమె నోట కష్టంగా వచ్చేది. ఉపాధ్యాయినులు కూడా ఈ విషయంలో నొచ్చుకొనేవారు.

ఆమెకు మొండితనం లేదని నేను రాయలేను. రాస్తే చదివేవారు నవ్వుతారు. ఒకసారి రాగిజావ బలమని ఎక్కడో విని, ఉప్మా మాన్పించి జావ పెట్టించారు. పిల్లలు తాగలేదు. ఆమె వినలేదు. "అలవాటైతది" అని వారం పొడుగునా జావే కాయించారు. కాలువలో జావ పోతుంటే వంటామె కళ్ళనీళ్ళు పెట్టుకొన్నది. మేమెవ్వరం చెప్పినా ఆమె చెవిన పడలేదు. మార్కెట్టులో మల్లమ్మ అడిగింది: "నువ్వు తాగినవా పంతులమ్మా?" తాగలేదన్నారు. "జర తాగి చూడు. బెల్లం లేదు, మజ్జిగ లేదు, ఉప్పు గూడ సరిగ లేదు. బర్రె గూడ మొకం తిప్పుకుంటది." ఆ మధ్యాహ్నం ఆమె ఒక గిన్నెడు జావ తాగారు. మరునాడు జావలో మజ్జిగా ఉల్లిపాయా పడ్డాయి. నాటినుంచి పిల్లలకంటె ముందు తాను ఒక ముద్ద తినకుండా వడ్డన మొదలు పెట్టనియ్యలేదు. తప్పు అయిందని మాత్రం ఎన్నడూ అనలేదు.

ఇప్పుడు కొసరు విషయం. యశోదాబాయి గారి వ్యక్తిత్వమంతా నాకు ఈ ఒక్క వృత్తాంతంలో కనిపిస్తుంది కనుక కొంచెం వివరంగా రాస్తాను.

మన బజార్లలో ఆకుకూర కొన్నవారెవరైనా, లెక్క ప్రకారం కట్టలు ఇచ్చిన తర్వాత అమ్మే ఆమె ఇంకొక పిడికెడు ఆకు పైన వేస్తుందని ఎరుగుదురు. అది అడగకపోయినా వేస్తుంది. అడిగితే ఇంకొంచెం వేస్తుంది. బడికి కొనేటప్పుడు ఆ స్త్రీలు ఒక్కొక్కరు ఒక పిడికెడు కాక దోసెడు వేసేవారు. పదిమంది దగ్గర కొంటే ఆ కొసరే ఒక చిన్న గంప అయ్యేది. వంటింట్లోకి వచ్చిన ప్రతి ఆకూ లెక్కలోకి రావాలని యశోదాబాయి గారి పట్టుదల. కనుక సరుకుల పట్టికలో కట్టలకు ఒక గడి, దాని పక్కన "కొసరు" అని మరొక గడి గీయించి, రోజూ తూచి రాయించేవారు. సర్కారు పుస్తకాలలో అటువంటి గడి ఈ రాష్ట్రంలో మరెక్కడా ఉండి ఉండదు.

ఆడిటుకు వచ్చిన యువకుడు అక్కడే ఆగాడు. చదువుకొన్నవాడు, నెమ్మదస్తుడు, గోదావరి ప్రాంతం యాస.

"ఇదేవిటండీ, కొసరు?" అన్నాడు.

"కొసరంటె కొసరే నాయనా. మీ దిక్కు వెయ్యరా?" అన్నారు ఈమె.

"వేస్తారండీ, మా అమ్మ వేయించుకుంటుంది. కాని మా అమ్మ గవర్నమెంటు కాదు గదండీ. సరుకు అమ్మేవాళ్ళ దగ్గర కొనేవాళ్ళు ఊరికే తీసుకోకూడదు. రేపు ఇంకొకరు ఇదే దారిలో బస్తాలు తీసుకుంటారు. నేను రాయక తప్పదండీ."

అతని మాటలో అన్యాయం లేదు. ఆ నియమం దొంగల కోసం పుట్టింది. దొంగలు తాము తీసుకొన్నది పట్టికలో రాయరు. రాసినది ఈమె కనుక దొరికింది ఈమె. అభ్యంతరం పైకి పోయింది. కొన్నాళ్ళకు కచేరీనుంచి ఉత్తర్వు వచ్చింది. సరఫరాదారులనుంచి ఉచితంగా సరుకు స్వీకరించడం తక్షణం మానాలి, లేనిపక్షంలో స్థానిక కొనుగోలు అనుమతి రద్దు చేసి మునుపటివలె గుత్తకు ఇవ్వబడుతుంది. అంటే మళ్ళీ గుమ్మడికాయల బండి. అంటే మళ్ళీ ఒకరి లంగా అంచు ఒకరు పట్టుకొని నడిచే పిల్లలు.

మరునాడు ఆమెతో నేనూ మార్కెట్టుకు వెళ్ళాను. ఆమె మల్లమ్మ ముందు గొడుగు ఆనించుకొని నిలబడి, "మల్లమ్మా, రేపటికెల్లి బడికి కొసరు వెయ్యొద్దు" అన్నారు.

మల్లమ్మ కట్టలు విడదీస్తున్న చేయి ఆపింది. "ఎందుకు? నా ఆకుల పురుగున్నదా?"

"పురుగు లేదు. సర్కారోళ్ళు వద్దంటున్నరు."

"వద్దనెటందుకు సర్కారెవరు? నా గంప, నా ఆకు, నా చెయ్యి. శెనివారంనాడు బిచ్చగానికి గూడ లేదనను. పసిపిల్లల బడికి కొసరు లేకుంట తూచి ఇస్తె నా ఇంటికి మంచిదా?" పక్కనున్న స్త్రీలు కూడా గంపలు వదిలి వచ్చారు. ఒకామె, "గట్లైతె మేము కట్టలే ఇయ్యం, గుత్తోని దగ్గరికే పోండ్రి" అన్నది. కోపంతో అన్నదే గాని, ఆ కోపంలో అవమానం ఉన్నది. కొసరు వేయవద్దనడం వారికి ఇంటికి వచ్చి మంచినీళ్ళు ముట్టకుండా పోవడంవంటిది.

"లొల్లి చెయ్యకుండ్రి" అన్నారు యశోదాబాయి గారు. "కొసరు తీస్కుంటె బడిల కూర బంద్ అయితది. నా మాట వినుండ్రి."

"బడికెవరేసినరు?" అన్నది మల్లమ్మ. "సర్కారుకు నేను కొసరేసిన్నా? నేను పిల్లలకేసిన."

యశోదాబాయి గారు ఆ మాటను నోట్లో వక్కలా కొంతసేపు తిప్పినట్టు అనిపించింది. తర్వాత, "ఏమంటివి? మళ్ళొక్కసారి అను" అన్నారు. మల్లమ్మ అన్నది. ఈమె గొడుగు చంకన పెట్టుకొని, "పదండి సారూ" అని వెనుదిరిగారు.

మరునాటినుంచి మార్కెట్టుకు ఆమెతోపాటు ఇద్దరు ఆడపిల్లలు వంతులవారీగా బయలుదేరారు. బడి బుట్టలోకి డబ్బు చెల్లించిన కట్టలు మాత్రమే వచ్చాయి. లెక్కకు లెక్క సరి. ఆ తర్వాత ఆ స్త్రీలు పిల్లలను పిలిచి, "ఒడి పట్టు బిడ్డా" అని, లంగా కుచ్చెళ్ళలో దోసెడు ఆకు వేసేవారు. పిల్లలు రెండు చేతులతో ఒడి పట్టుకొని బడికి వచ్చి, వంటింట్లో కుండ దగ్గర నిలబడి తామే కడిగి తామే వేసేవారు. పట్టికలో కొసరు గడి కొట్టివేయబడింది.

ఆడిటు యువకుడు మళ్ళీ వచ్చాడు. పట్టిక చూశాడు. సరిగ్గా అప్పుడే అంజమ్మ ఒడి నిండా చుక్కకూరతో లోపలికి వచ్చింది.

"ఇదేవిటండీ మరి?" అన్నాడు అతడు.

"నన్నడుగుతవేంది? అది నాది గాదు, బడిది గాదు. ఆ పిల్లది. పిల్లనే అడుగు" అన్నారు యశోదాబాయి గారు.

అతడు వంగి అడిగాడు. "ఎవరిచ్చారమ్మా నీకు?"

"మల్లమ్మ ఇచ్చింది."

"నీకిస్తే ఇంటికి తీసుకుపోక కుండలో వేస్తున్నావేం?"

అంజమ్మ అతనిని వింతగా చూసింది. "నేనొక్కదాన్నే తింటనా?" అన్నది.

అతడు పట్టికమీద సంతకం చేసి, ఆ మధ్యాహ్నం మాతోపాటే కూర్చొని చుక్కకూర పప్పు తిని పోయాడు. అనుమతి నిలిచింది. నియమాన్ని ఈమె మోసగించిందని ఒకరిద్దరు నాతో వాదించారు. నేను ఒప్పుకోను. ఆమె చేసినది ఇచ్చేవారి చేతికీ పుచ్చుకొనేవారి చేతికీ మధ్యనుంచి బడిని పక్కకు తప్పించడమే.

పోయిన ఏడాది సంగతి అందరికీ జ్ఞాపకమే. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం ఉద్ధృతంగా ఉన్న రోజులు. నెలల తరబడి బడులు మూతపడినాయి. మా అశోక్‌నగర్‌లో కోస్తానుంచి వచ్చిన కుటుంబాలు కొన్ని సామాను సర్దుకొని పోయాయి. పోనివారం తలుపులు మూసుకొని కూర్చున్నాం. అనుమతిలో "పనిదినములందు" అని ఉన్నది. బడి మూసిన రోజుకు కూరకు సొమ్ము రాదు. "బడి బందైతె ఆకలి బందైతదా?" అన్నారు యశోదాబాయి గారు. సర్కారు సొమ్ము రాదన్న తర్వాత ఆమె ఇల్లిల్లూ తిరిగారు. చిక్కడపల్లిలో ఒక ఇంట కందిపప్పు, అశోక్‌నగర్‌లో ఒక ఇంట చింతపండు, బర్కత్‌పురలో ఒక ఇంట వంటచెరకు. మల్లమ్మవాళ్ళు బంద్ రోజున కూడా సందులవెంట వచ్చి ఆకు ఇచ్చిపోయేవారు. ఆ రోజులలో అది కొసరు కాదు, అసలే.

ఒకనాడు నారాయణగూడ చౌరస్తాలో కొందరు యువకులు ఆమెను ఆపారు. వారిలో ఒకడు ఆమె శిష్యురాలి తమ్ముడే. "పంతులమ్మా, ఆంధ్రోళ్ళ పిల్లలకు గూడ పెడ్తున్నవట?" అన్నాడు. ఆమె నెమ్మదిగా, "పుంటికూర అడుగుతదారా, ఎవ్వని నాలుకని?" అన్నారు. మా గోంగూరే వారి పుంటికూర. వెనుకనున్నవాళ్ళు నవ్వారు. అతడు తల వంచుకొన్నాడు. "అడుగుడు అయిపాయెనా? అయితె ఈ గంప పట్టు. చేతులు గుంజుతున్నయి." అతడు బడిదాకా గంప మోసుకొని వచ్చాడు. వచ్చినవాడు భోజనానికి కూర్చున్నాడు కూడా. అతని పక్కనే, ఆ బడిలోనే చదివే మా చిన్నమ్మాయి కూర్చున్నది. నాకు ఈ విషయం ఆ సాయంత్రం మా అమ్మాయి చెప్పగా తెలిసింది. "ఆ అన్నయ్య రెండుసార్లు పప్పు వేయించుకున్నాడు నాన్నా" అన్నది.

ఇక ఆ బుధవారం.

మల్లమ్మ వెంటనే నేను చిక్కడపల్లికి వెళ్ళేసరికి ఆమెను వసారాలో చాపమీద పడుకోబెట్టి ఉన్నారు. గొడుగు తలాపున గోడకు ఆనించి ఉన్నది. మూడు రోజులుగా గుండెలో నొప్పిగా ఉన్నదని వంటామెతో మాత్రం చెప్పి, ఎవరికీ చెప్పవద్దని ఒట్టు వేయించుకొన్నారట. రాంనగర్‌నుంచి ఆమె అన్నగారు వచ్చి కూర్చొని ఉన్నారు. ఆయన కుమారుడు మహబూబ్‌నగర్‌లో ఉద్యోగి. మేనత్తకు కర్మ చేయవలసినవాడు. మధ్యాహ్నం రైలుకు కాచిగూడలో దిగుతాడని, అతడు వచ్చిన తర్వాత సాయంత్రం దహనమని బంధువులు నిశ్చయించారు.

బడి భోజనాలు చూసుకొనే సంఘం సభ్యులం అక్కడే ఒక మూల చేరి, రెండు రోజులు సంతాపసూచకంగా బడికి సెలవు అని తీర్మానించాం. ప్రకటన రాసే పని నాకు అప్పగించారు. రాస్తుండగా పక్క వాకిలినుంచి చూశాను. ఎవరూ చెప్పనందున పిల్లలు మామూలుగానే వచ్చారు. పంతులమ్మలు ఇంటికి పొమ్మన్నా పోలేదు. పళ్ళాలు ఒళ్ళో పెట్టుకొని బడి గోడ వెంట బారులు తీరి కూర్చొని ఉన్నారు. కొందరికి పలకలు లేవు గాని పళ్ళాలు లేనివారు లేరు.

ఇంతలో మార్కెట్టుకు పోయిన మల్లమ్మతోపాటు అక్కడి స్త్రీలంతా గంపలతో వచ్చారు. బచ్చలికూర తెచ్చారు. ముందురోజు ఆమె చెప్పిన కూర అదే.

"ఏం రాస్తున్నవ్ సారూ?" అన్నది మల్లమ్మ.

"బడికి సెలవమ్మా. ఆమె గౌరవార్థం."

"గామె ఉన్నన్నాళ్ళు ఒక్కదినం గూడ పొయ్యి బంద్ వెట్టనియ్యలె. పోయినంక గామె పేరు మీదనే బంద్ వెడ్తరా?"

మా సంఘంలోని ఒక పెద్దాయన, "నీ మాట నిజమే. కాని శవం లేవకముందు పక్కగోడ వంటింట్ల పొయ్యి ఎట్ల ముట్టిస్తరు? ఏ ఇంట్ల ముట్టియ్యరు. పాపం గాదా?" అన్నారు. ఆచారం ఆ వీధి మొత్తానికి తెలిసినదే. అన్నగారి కుమారుడు రైలు దిగి వచ్చి, సాయంత్రం అంతిమయాత్ర సాగేదాకా ఆ చుట్టుపక్కల పొగ లేవరాదు.

అంతవరకు తల వంచుకొని కూర్చున్న అన్నగారు కళ్ళజోడు తీసి తుడుచుకొన్నారు. గోడ వెంట కూర్చున్న పిల్లలవైపు చూశారు. "పిల్లగాడు వచ్చెదాక ఆగొద్దు. కర్మ నేనే చేస్త" అన్నారు. "మా చెల్లె ఎవ్వల అన్నం ఆపలె. ఇప్పుడు ఆమె పేరు మీద ఆపొద్దు. లేపుండ్రి."

నేను రాసిన ప్రకటన చింపివేశాను.

ఆమె ఛాయాచిత్రం బడిలో పెట్టాలని సంఘం నిర్ణయించింది. పెట్టవలసిందే. కాని ఏటేటా తిరగరాయించుకోవలసిన ఆ తాత్కాలిక అనుమతి ఈ వేసవికి ముగుస్తుంది. దాని వెంట తిరిగిన కాళ్ళు ఇక లేవు. అది శాశ్వతం కావాలనీ, ఈ ఒక్క బడికే కాక పక్కన మార్కెట్టు ఉన్న ప్రతి బడికీ కావాలనీ అర్థించడమే ఆమెకు తగిన స్మారకమని, ఆమెను ఎరిగినవారందరికీ విన్నవిస్తున్నాను. ఆ చిన్న దేహంలో ఉన్నంత పట్టుదల మా సంఘంలో అందరినీ కలిపి తూచినా తూగదు. ఆ లోటు పూడేది కాదు. తెల్లవారి ఆ గొడుగుతో మార్కెట్టుకు ఎవరు పోతారో మాకు ఇంకా తెలియదు. ప్రస్తుతానికి నేను పోతున్నాను. బేరం చేతగాక, ఆమె రాసిపెట్టిన ధరలు చూసుకొంటూ పోతున్నాను.

ఆ రోజు ఎండ ఎక్కకముందే పాడె లేచింది. అప్పటికే మల్లమ్మ, ఆనాటి వంతు పిల్ల ఎవరని అడిగి, ఐదో తరగతికి వచ్చిన అంజమ్మను పిలిచి, "ఒడి పట్టు బిడ్డా" అని ఒడి నిండా బచ్చలికూర వేసింది. మేము పాడె వెంట వీధిలోకి వచ్చాం. వాకిట నిలబడ్డవారంతా, పంతులమ్మలు, వంటామె, మార్కెట్టు స్త్రీలు, గోడ వెంట లేచి నిలబడిన పిల్లలు, చేతులు జోడించారు. అంజమ్మ జోడించలేదు. రెండు చేతులా ఒడి పట్టుకొని, పాడె నారాయణగూడ వైపు మలుపు తిరిగేదాకా కదలకుండా చూసి, వంటింటివైపు పరుగెత్తింది.